నాన్న పెన్సిల్ దిద్దిన ముఖాలు

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు అటక మీది ట్రంకు పెట్టె దించాం. మూత ఎత్తగానే గుప్పున పులుపు వాసన కొట్టింది. "మామయ్యగారు ఇందులో పచ్చడి జాడీ గానీ పెట్టి మర్చిపోయారా?" అంది వదిన, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

అది పాత ఫిలిం వాసన. నాన్న వాడిన నెగటివ్‌లన్నీ ఎసిటేట్ ఫిలిం మీదివి. ఏళ్ల తరబడి వేడీ తేమా తగిలితే ఆ ఎసిటేట్ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఒక రీలుకి పట్టుకుందంటే ఆ ఆవిరి పక్క రీళ్ళని కూడా చెడగొడుతుంది. తెనాలి ఎండలకీ, కాలువల ఊరి ఉక్కకీ, రేకుల కప్పు కింద అటక మీద ఇన్నాళ్ళు ఉండటమే గొప్ప. డార్క్‌రూంలో బొమ్మ తేల్చే డెవలపర్ ట్రేకీ, తేలిన బొమ్మని నిలబెట్టే హైపో ట్రేకీ మధ్య ఇంకో ట్రే ఉండేది. అందులో నాన్న పోసేది కూడా నీళ్ళు కలిపిన ఎసిటిక్ ఆమ్లమే. అందుకే ఆ వాసనకి నాకు ముందు ఎర్ర బల్బు గుర్తొచ్చింది. ఫిలిం పాడవుతోందన్న సంగతి తర్వాత తట్టింది.

పెట్టె నిండా గోధుమరంగు కవర్లు. ఒక్కో దాని మీద నాన్న గుండ్రటి చేతిరాతలో నంబరు, ఊరు, సైజు, కాపీలు. "దుగ్గిరాల, క్యాబినెట్, 3." "కొల్లిపర, పెళ్లి, రెండు రీళ్ళు." "అమృతలూరు, పాస్‌పోర్ట్, అర్జంటు." అట్టడుగున గుడ్డలో చుట్టిన గాజు ప్లేట్లు. అవి నాన్నకి పని నేర్పిన గురువుగారి కాలం నాటివి. ఫిలిమేమో ముడుచుకుపోతోంది గానీ దానికంటే పాతవైన ఆ గాజు పలకలు మాత్రం నిన్న కడిగి ఆరబెట్టినట్టున్నాయి.

* * *

మా స్టూడియో బోసు రోడ్డులో ఒక గుడ్డల కొట్టు మీద, మేడ పైన ఉండేది. మెట్లు చెక్కవి, ఇరుకు. మెట్ల చప్పుడు బట్టే ఎవరొస్తున్నారో నాన్న చెప్పేసేవాడు. దబదబా ఎక్కితే హాల్ టికెట్ ఫోటో కుర్రాళ్ళు. మధ్యలో ఆగి గుసగుసలాడి మళ్ళీ ఎక్కితే పెళ్లిచూపుల ఫోటో. ఒక్కో మెట్టూ అడుగు కూడదీసుకుని ఎక్కితే ఎవరో పెద్దాయన పింఛను కాగితాలకి వస్తున్నట్టు.

పైకి రాగానే గోడకి నిలువుటద్దం, దారం కట్టిన దువ్వెన, పాండ్స్ పౌడరు డబ్బా. దారం ఎందుకంటే దువ్వెన జేబులో పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పక్కన మేకుకి ఒక నల్ల కోటు, ముడి వేసే ఉంచిన టై. ఆ ఒక్క కోటే అందరికీ. సన్నటివాళ్ళు వేసుకుంటే నాన్న వెనక నుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాడు. తెనాలి చుట్టుపక్కల ఎంతమంది ఇంజనీర్ల, గుమాస్తాల, దుబాయ్ వెళ్ళినవాళ్ళ మొదటి ఫోటోలో ఆ కోటు ఉందో! ముందు నుంచి చూస్తే దొరబాబు, వెనక నుంచి చూస్తే దండెం.

వెనక వేలాడే తెర ఊళ్ళో నాటకాల పరదాలు రాసే పెయింటర్ రాసింది. మేడ మెట్లు, మెట్ల పక్కన పూలకుండీ, పైన ఎందుకో పగటి పూట చందమామ. తెనాలి అంటే పద్యనాటకాల ఊరు కదా, నటులు వేషాలతోనే మెట్లెక్కి వచ్చేవాళ్ళు. కరపత్రం మీద వేయడానికి అచ్చు బ్లాకు కావాలి, బ్లాకు చేయించడానికి ఫోటో కావాలి. నాన్న లైట్లు సర్దే లోపు కృష్ణుడు కిరీటం తీసి కిటికీలో పెట్టి, బాల్కనీ లోంచి రోడ్డు మీదికి వంగి బీడీ కాల్చుకునేవాడు. సత్యభామ నన్ను పిలిచి, "అమ్మడూ, కింద కిళ్ళీకొట్లో రెండు సోడాలు చెప్పవే" అనేది మగ గొంతుతో. ఆ గొంతుకీ ఆ జడకీ నేనెప్పటికీ అలవాటు పడలేదు.

పెద్ద కెమెరా మూడు కాళ్ళ స్టాండు మీద ఉండేది. దాని వెనక నల్లగుడ్డలో దూరడం నాకు పండగ. గుడ్డ కింద, గరుకు గాజు మీద మనుషులు తలకిందులుగా కనిపించేవాళ్ళు. మునసబుగారూ, మునసబుగారి భార్యా, కుర్చీలతో సహా కప్పుకి వేలాడుతూ గంభీరంగా నన్నే చూస్తుండేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు. నాన్న గుడ్డ పైనుంచే నెత్తి మీద ఒక్కటి వేసేవాడు.

* * *

ముగ్గురు కలిసి ఫోటో దిగకూడదని మా వైపు గట్టి నమ్మకం. మధ్యలో ఉన్నవాళ్ళకి గండం అంటారు. స్నేహితులు ముగ్గురొచ్చినా, ఆలుమగలు అత్తగారితో వచ్చినా, కూర్చున్నాక ఎవరో ఒకరికి గుర్తొచ్చేది. లేచిపోయేవాళ్ళు. వాదించడం నాన్నకి చేతకాదు. "అమ్మడూ!" అని ఒక్క కేక వేసేవాడు.

నేను పలక పక్కన పడేసి వెళ్ళి చివర్లో నిలబడేదాన్ని. నాలుగో మనిషిని నేనే. జుట్టు దువ్వుకునే టైం కూడా ఉండేది కాదు. ముక్కు తుడిచి, గౌను సర్ది, "ఇటు చూడు, ఆఁ" అనేవాడు. అంతే, నేను మళ్ళీ ఎక్కాల దగ్గరికి.

నేను ఒళ్ళు చేసి పొడుగయ్యాక, నా స్థానంలో ఒక పెద్ద ప్లాస్టిక్ బొమ్మని కొన్నాడు. మనిషి కాకపోయినా లెక్కకి సరిపోతుందని జనం ఒప్పుకున్నారు. నాకే కాస్త చిన్నతనంగా అనిపించింది.

ఈ లెక్కన గుంటూరు జిల్లాలో ఎన్ని ఇళ్ళ గోడల మీద నేనున్నానో నాకే తెలియదు. ఆ మధ్య హైదరాబాదులో మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళాం. వాళ్ళది వేమూరు. మాటల్లో పాత ఆల్బం తీశారు. ఆమె తాతగారు, ఆయన ఇద్దరు తమ్ముళ్ళు, పక్కన పొట్టి జడలు వేసుకుని చెప్పుల్లేకుండా ఒక పిల్ల. "ఈ పిల్ల ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలియదండీ. చిన్నప్పుడే పోయిన మేనత్త అయి ఉంటుందని మా నాన్న అంటారు" అంది ఆవిడ. నేను అన్నం కలుపుతూ, ఆ పోయిన మేనత్తని నేనేనని ఎలా చెప్పాలో తెలియక కాసేపు తెగ టెన్షన్ పడ్డాను. చెప్పాక ఆ ఇంట్లో ముసలాయన మాత్రం నమ్మలేదు. ఆయనకి మేనత్తే కావాలి.

* * *

డార్క్‌రూం అంటే మేడ మీద వంటిల్లంత గది. కిటికీలకి నల్ల కాగితం అంటించి, తలుపు కింద సందులో గోనెపట్టా కుక్కేవాడు. మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైట్, సోడా, బ్రోమైడ్, అన్నీ కంసాలి తక్కెడ లాంటి చిన్న తక్కెడలో తూచి కలిపేవాడు. ఆ మందుల వల్ల నాన్న వేళ్ళ చివర్లు, గోళ్ళు ఎప్పుడూ కాఫీ రంగులో ఉండేవి. పెళ్లి భోజనాల్లో కొత్తవాళ్ళు ఆ చేతిని చూసి చుట్టలు తాగుతాడనుకునేవాళ్ళు.

నాకిష్టమైంది హైపో కలపడం. బకెట్ నీళ్ళలో పటిక ముక్కల్లాంటి ఆ గడ్డలు పోసి కర్రతో కలుపుతుంటే నీళ్ళు వాటంతటవే చల్లబడిపోతాయి. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు, అయినా బకెట్ పైన చెమట పట్టేది. మే నెలలో మా అన్నయ్యా నేనూ ఆ బకెట్‌కి చెరో బుగ్గ ఆనించి కూర్చునేవాళ్ళం. హైపో నీళ్ళు అరిగిపోయాక కూడా పారబోసేవాడు కాదు. కడవల్లో దాస్తే ఎవరో వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు. ఫిలిం మీంచి దిగిన వెండి అందులో ఉంటుంది కదా. ఊరి ముఖాల వెండి అని మా అమ్మ వేళాకోళం చేసేది.

ఎండాకాలంలో అసలు కష్టం డెవలపర్‌తో. అది ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. బయట నలభై దాటితే కుళాయి నీళ్ళే కాగుతుండేవి. నీళ్ళు వేడిగా ఉంటే ఫిలిం మీది పొర మెత్తబడి, మీగడలా జారిపోతుంది. ఒకరి పెళ్లంతా అలా జారిపోతే ఏం చెప్పగలం? అందుకని ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో చుట్టిన గడ్డ తెచ్చి, తొట్టిలో వేసి, అందులో డెవలపింగ్ ట్యాంకు నిలబెట్టేవాడు. పెద్ద పెళ్లి అయితే తెల్లవారుజామున మూడింటికే లేచి కడిగేవాడు. నిద్రలో నాకు వినిపించేది కుళాయి చప్పుడు, నాన్న నోట్లో నోట్లో లెక్కపెట్టుకునే అంకెలు.

ఇంకో చప్పుడు గ్లేజింగ్‌ది. తడి ప్రింటుని నిగనిగలాడే క్రోమియం రేకు మీద బోర్లించి, రబ్బరు రోలరుతో నొక్కి, వేడి పెట్టెలో ఉంచేవాళ్ళు. ఆరేకొద్దీ మూలలు లేస్తూ, చివరికి టక్ మని ఊడి పడేది. పరీక్షల సీజన్లో మధ్యాహ్నమంతా టక్, టక్, టక్. అవి విని కుర్రాడు వెళ్ళి ఏరుకొచ్చేవాడు. ఆ తర్వాత అంచులకి అలలు కోసే కత్తెర మిషను. అలల అంచుకి అణా ఎక్కువ తీసుకునేవాళ్ళట గురువుగారి కాలంలో. నాన్న ఊరికే కోసి ఇచ్చేవాడు.

* * *

కానీ నాన్నకి పేరొచ్చింది టచింగ్‌తో, అంటే నెగటివ్ మీద ముఖాలు దిద్దే పనితో.

ఏటవాలు బల్ల, మధ్యలో గరుకు గాజు, కింద అద్దం. కిటికీలోంచి వచ్చే ఉదయపు వెలుగు అద్దం మీద పడి, గాజులోంచి నెగటివ్ వెనక్కి వచ్చేది. నెగటివ్‌లో తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది. ముఖం మీద మచ్చ అక్కడ సూదిమొనంత ఖాళీగా మెరుస్తుంది. ఆ ఖాళీని పెన్సిల్‌తో నింపితే ప్రింటులో మచ్చ చర్మంలో కలిసిపోతుంది. పెన్సిల్ నిలవడానికి ముందు మీడియం అని ఒక జిగురు వార్నిష్ పూసేవాడు. పెన్సిల్ ముల్లుని ఉప్పుకాగితం మీద అరంగుళం పైన సూదిలా అరగదీసేవాడు. తర్వాత ఊపిరి బిగబట్టి, కామాలంత చిన్న చిన్న గీతలు. రెండు కామాలు, ఒక ఊపిరి. మళ్ళీ రెండు కామాలు. ఆ సమయంలో ఇంట్లో ఎవరం పలకరించేవాళ్ళం కాదు.

ఎక్కువ పని మశూచి మచ్చలది. 1977లో మన దేశంలో మశూచి లేదని ప్రకటించారు గానీ మచ్చలు ముఖాల మీద ఇంకో రెండు తరాలు ఉన్నాయి. ఆ తర్వాత పెళ్లిచూపుల ఫోటోలు. "కాస్త తెల్లగా రావాలండీ" అనని తల్లి ఉండేది కాదు. నాన్న లైటు ఇంకొంచెం దగ్గరికి జరిపేవాడు. అమ్మాయి మాత్రం తల వంచుకునే ఉండేది. అలా తెలుపు చేసిన ఫోటో చూసి వచ్చిన పెళ్లివారు, ఎదురుగా పిల్లని చూసి వెళ్ళిపోయిన సందర్భాలూ ఉన్నాయట. నాన్నతో నాకు దీని మీద పెద్ద గొడవే అయింది, నేను డిగ్రీ చదివే రోజుల్లో. "నువ్వు చేసేది మోసం నాన్నా" అన్నాను. "నేను మచ్చ తీస్తానే, మనిషిని తీయను" అన్నాడు. ఆ సమాధానం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ పూర్తిగా నచ్చదు.

పుట్టుమచ్చ జోలికి మాత్రం పోయేవాడు కాదు. ఎవరు బతిమాలినా సరే. పదో తరగతి రికార్డులో పుట్టుమచ్చలు రాయించే దేశంలో దాన్ని చెరపడం నేరమనేవాడు.

ఒకసారి ఒక రైతు తన ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అయ్యా, ఇతనెవరో బావున్నాడు గానీ నేను కాదు. నా మచ్చలు నాకు వేసి ఇయ్యండి." నాన్న ఏమీ అనకుండా దూదిని టర్పెంటైన్‌లో ముంచి నెగటివ్ మీది పెన్సిలంతా తుడిచేశాడు. రోజంతా పట్టిన పని ఒక్క తుడుపుకి పోయింది. కొత్త ప్రింటు చూసుకుని ఆ రైతు, "ఆఁ, ఇతను మావోడే" అని డబ్బులిచ్చి వెళ్ళాడు.

* * *

ఫోటోలు తీసేవాడికి తన ఫోటో ఉండదని అందరూ అంటారు. మా నాన్న విషయంలో ఇది శుద్ధ అబద్ధం. యాషికా కెమెరాలో వేసే 120 రీలుకి పన్నెండు ఫోటోలు. అర్జంటు పాస్‌పోర్ట్ గిరాకీ కూర్చుని ఉంటే, మిగిలిన ఒకటో రెండో పూర్తయితే గానీ రీలు కడగడానికి లేదు. ఫిలిం కరువు రోజులు. బయటి దేశాల సరుకు దొరకదు, ఊటీ నుంచి వచ్చే ఇందు ఫిలిం కూడా ఒక్కోసారి నెలల తరబడి ఉండదు. ఊరికే గోడ వైపు ఫోటో కొట్టి వృథా చేయడం నాన్న ప్రాణానికి ఒప్పేది కాదు. వెళ్ళి తనే కుర్చీలో కూర్చుని, "కొట్టరా" అనేవాడు కుర్రాడితో.

అలా రీలు చివర మిగిలిన నాన్నలు పెట్టె నిండా ఉన్నారు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని. చొక్కా పై రెండు గుండీలు లేకుండా. చెవి మీద పెన్సిల్. ఒకదాంట్లో అమ్మతో ఏదో మాట పడి వచ్చినట్టున్నాడు, కుర్రాడి వైపు గుడ్లురుముతున్నాడు. ఒకదాంట్లో ఆ కృష్ణుడి కిరీటం పెట్టుకున్నాడు. కవర్ల నంబర్లు చూసుకుంటూ పోతే జుట్టు పలచబడుతుంది, కళ్ళద్దాలు వస్తాయి, కళ్ళద్దాలు మందమవుతాయి. ఒక్కదాని మీదా పెన్సిల్ గీత లేదు. పెద్దకర్మకి దండ వేయడానికి అన్నయ్య స్టూడియోలో తీయించిన ఒక కలర్ ఫోటో ఎంచాడు, కోటుతో. నాకైతే టీ గ్లాసుది పెట్టాలని ఉండేది. "చుట్టాలు నవ్వుతారు" అన్నాడు. నవ్వితే ఏం?

* * *

రాత్రిళ్ళు తలుపు కొడితే చావు ఫోటోకే. పోయినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకి తువ్వాలు కట్టి, బొట్టు పెట్టి, చుట్టూ కుటుంబమంతా నిలబడేది. చాలామందికి జీవితంలో అదే మొదటి ఫోటో. నాన్న తిరిగొచ్చి నూతి దగ్గర స్నానం చేసి గానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. ఆ కవర్ల మీద పేరు కింద చిన్న సున్నా చుట్టేవాడు.

దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. 1977 నవంబరు 19. తెనాలిలోనూ చెట్లు కూలాయి, కరెంటు పోయింది, కానీ అవతల ఏం జరిగిందో తెలియడానికి రోజులు పట్టింది. ఊళ్ళో బియ్యం, బట్టలు పోగేసి వెళ్ళేవాళ్ళతో నాన్నా వెళ్ళాడు. రేపల్లె వైపు నుంచి పెనుమూడి రేవు, పడవ మీద కృష్ణ దాటితే పులిగడ్డ. ఇప్పటి వంతెన అప్పుడు లేదు. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల దాకా. కెమెరా తీసుకెళ్ళాడు గానీ తిరిగొచ్చాక ఏం తీశావని అడిగితే చెప్పలేదు. ఆ రీళ్ళు పెట్టెలో కూడా దొరకలేదు.

ఆ తర్వాత నెలల్లో ఆ వైపు నుంచి మనుషులు మా మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఇల్లు పోయింది, ఇంట్లో మనుషులు పోయారు, గోడ మీది ఫోటోలు పోయాయి. "మా ఆడమనిషిది తెనాలేనండీ, పెళ్లిలో మీరే తీశారంట. ఏమన్నా ఉంటదా?" నాన్న రిజిస్టరు తిప్పేవాడు. కొన్ని దొరికేవి. దొరకనివే ఎక్కువ. ఎందుకంటే అప్పటిదాకా ప్రతి దసరాకీ పాత నెగటివ్‌లు తీసి పారేయడం స్టూడియోలో రివాజు. చోటు చాలదు కదా. ఒకాయన తన భార్య పెళ్లి ఫోటో లేదని తెలిశాక కూడా వెళ్ళలేదు. బెంచీ మీదే కూర్చుని, గోడకి తగిలించిన అందరి ఫోటోలూ ఒక్కొక్కటే చూస్తూ సాయంత్రం దాకా ఉన్నాడు. నాన్న అన్నం తెప్పిస్తే తిన్నాడు.

ఆ ఏడాది నుంచి నాన్న ఒక్క నెగటివ్ పారేయలేదు. ట్రంకు పెట్టెలు కొనడం మొదలుపెట్టాడు. అమ్మకి బంగారం కొనాల్సిన డబ్బు ఇనప్పెట్టెలకి పోతోందని ఇంట్లో గొడవలు.

* * *

కలర్ వచ్చాక కథ తొందరగా అయిపోయింది. ఫిలిం విజయవాడ ల్యాబ్‌కి పంపడం, వచ్చిన కవరు గిరాకీకి ఇవ్వడం. డార్క్‌రూంలో పెళ్లి లైట్లు, గొడుగులు పడేశారు. టచింగ్ బల్ల మీద అమ్మ వడియాలు ఆరబెట్టింది. డిజిటల్ వచ్చేసరికి అన్నయ్య స్టూడియో మూసి సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు, అదీ అయింది. 2006లో రాజా దీన్‌దయాళ్ మీద తపాలా బిళ్ళ వస్తే నాన్న ఒకటి కొని, బల్ల మీది గాజు కింద పెట్టుకున్నాడు. నిజాముగారి ఆస్థాన ఫోటోగ్రాఫరు. "చూశావా, మావాడే" అనేవాడు వచ్చినవాళ్ళతో, మేనమామ గురించి చెప్పినట్టు.

* * *

పెట్టెలో ఒక మూల విడిగా రబ్బరు బ్యాండు వేసిన కవర్ల కట్ట ఉంది. నంబరు లేదు, ఊరు లేదు. "అమ్మ" అని మాత్రం ఉంది. ఒకదాని వెనక ఒకటి, అన్నీ "అమ్మ".

మా నాయనమ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఆయన ఆరేళ్ళప్పుడు పోయింది. ఆవిడ ఫోటో మా హాల్లో నేను పుట్టినప్పటి నుంచీ ఉంది. నిండు ముఖం, జరీ అంచు చీర, రెండు వైపులా ముక్కుపుడకలు, కాసంత బొట్టు. ప్రతి తద్దినానికీ దండ వేసేది దానికే. కవర్లలో మొదటి నెగటివ్ వెలుతురుకి పెట్టి చూస్తే అందులో ఉన్నది నాయనమ్మ కాదు. మాకు బాగా తెలిసిన మనిషి, నాయనమ్మ చెల్లెలు, మేం చిన్న నాయనమ్మ అని పిలిచే ఆవిడ. మా ఇంట్లోనే నాలుగు రోజులుండి సున్నుండలు చేసి వెళ్ళేది. రెండో కవర్లో అదే ముఖం, ముక్కు కాస్త పొడుగు. మూడో దాంట్లో నుదురు వెడల్పయింది. ఆ తర్వాత దాంట్లో చీర మారింది.

పెద్దత్తయ్యకి ఫోన్ చేశాను. నాన్నకి పెద్దక్క, తొంభైకి దగ్గర పడింది, చెవులు బాగానే పనిచేస్తాయి, మాట ఇంకా బాగా.

"ఇప్పుడా తెలిసింది నీకు?" అంది. "అమ్మకి ఫోటో ఎక్కడిదే? మా నాన్న ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుద్దనే రకం. మీ నాన్న పని నేర్చుకున్నాక, పిన్నిని కూర్చోబెట్టి తీశాడు. వాడికి అమ్మ మొహం గుర్తు లేదు. నాకు పన్నెండేళ్ళు కాబట్టి నాకు గుర్తు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగి అడిగి దిద్దాడు. ముక్కు ఇలాగేనా అక్కా, కళ్ళు ఇంకాస్త కిందికా అక్కా. పనులన్నీ మానుకుని వీడి దగ్గర కూర్చునేదాన్ని. ఇది కాదురా, ఇదీ కాదురా అంటే మళ్ళీ తుడిచేవాడు."

"మరి ఎప్పుడు ఆపాడు?"

"ఏమో. ఒక రోజు తెచ్చి చూపించాడు. బొట్టు ఇంకొంచెం పెద్దది పెట్టరా అన్నాను. వాడు నా మొహం వైపు చూసి, ఇక చాలు అన్నాడు. ఫ్రేము కట్టించుకొచ్చాడు."

చిన్న నాయనమ్మ సంగతి అడిగాను. తన ముఖానికే ఏటేటా దండ వేస్తుంటే ఆవిడకి ఎలా ఉండేదో. "దానికేం, నవ్వేది. నేను బతికుండగానే నాకు తద్దినం పెడుతున్నారర్రా అనేది" అంది అత్తయ్య. నాకు గుర్తుంది, ఆవిడ మా ఇంటికొస్తే హాల్లో ఆ గోడ కింద మాత్రం కూర్చునేది కాదు. ఉక్కగా ఉందని వసారాలో కూర్చునేది.

ఈ సంగతంతా విన్న మా మేనల్లుడు, అన్నయ్య కొడుకు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడు ఊరుకోకుండా నాయనమ్మ ఫోటోని ఏదో ఏఐ యాప్‌లో పెట్టాడు. సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. అందరూ ఫోను చుట్టూ మూగారు. నాయనమ్మ కళ్ళార్పింది. తల కాస్త పక్కకి తిప్పింది. పెదవులు విడదీసి నవ్వింది, తెల్లటి సమానమైన పలువరస. వదిన దణ్ణం పెట్టింది. నాకైతే ఒళ్ళు జలదరించింది, అంత బాగుందని కాదు.

వీడియో కాల్‌లో పెద్దత్తయ్యకి చూపించారు. కళ్ళద్దాలు తెప్పించుకుని చూసింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ చూసింది.

"మా అమ్మకి పన్ను మీద పన్ను" అంది. "ఎడమ వైపు. నవ్వితే అది ముందుకొచ్చేది, అందుకే చెయ్యి అడ్డం పెట్టుకునేది. మీ తాత తెలివైనవాడు, నోరు మూయించి తీశాడు. నువ్వెందుకురా తెరిపించావు?"

"మార్చేస్తా మామ్మా, ఒక్క నిమిషం" అన్నాడు వాడు, నేల మీదే బాసింపట్టు వేసుకుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని. "ఇలాగా?"

"ఇంకొంచెం పైకి."

"ఇప్పుడు?"

"అది కుడి పక్కరా. నేను చెప్పింది ఎడమ. నీకూ మీ తాతకీ ఎడమా కుడీ తెలియదు. పన్ను అంత పెద్దది కాదు, రాక్షసి పన్నులా పెట్టావు, తగ్గించు. ఆఁ, ఆగు. చెవులకి ఆ కమ్మలెక్కడివి? అవి పిన్నివి. మా అమ్మవి తెల్లరాళ్ళవి, ఏడు రాళ్ళవి, నా పెట్టెలో ఉన్నాయి. కోడల్ని పంపించి ఫోటో తీయిస్తా, అవి పెట్టు."